యానాంలో జరగని రిఫరెండం

రిఫరెండంలో విదేశీ జోక్యం అనగానే ఈ రోజుల్లో ఎవరికైనా ముందు గుర్తొచ్చేది బ్రెగ్జిట్. 2016లో బ్రిటన్ ఓటేసింది. రష్యా వేలు పెట్టిందా లేదా అని తర్వాత నాలుగేళ్ళు కొట్టుకున్నారు. 2020 జులైలో పార్లమెంటు కమిటీ రిపోర్టు బయటికొచ్చింది. తీరా అందులో ఉన్నదేంటంటే, ఆ సంగతి తేల్చడానికి ప్రభుత్వం అసలు ప్రయత్నమే చెయ్యలేదని! 2024 అక్టోబరులో మోల్డోవా యూరోపియన్ యూనియన్ వైపు 50.35 శాతంతో బొటాబొటీగా గట్టెక్కింది. అక్కడా ఓట్లు కొన్నారన్న గొడవే. మన ఐటీ వాళ్ళం ఈ చర్చలోకి దిగితే తిన్నగా ఫేస్‌బుక్ ప్రకటనలూ, బాట్లూ, కేంబ్రిడ్జ్ ఎనలిటికా దగ్గరికి పోతాం. మనకి తెలిసిన పని అదే కదా మరి.

నాకు మాత్రం ఈ వాదన విన్నప్పుడల్లా కాకినాడ నుంచి ఒక గంట బస్సు దూరంలో ఉన్న యానాం గుర్తొస్తుంది. కంప్యూటర్ అన్న మాటే వినని రోజుల్లో, 1948 నుంచి 1954 దాకా, ఇదే గొడవ అక్కడ నడిచింది. తేడా ఒక్కటే. అక్కడ "విదేశీ" ఎవరన్నదే అసలు తగువు.

తెలియని వాళ్ళ కోసం కొంచెం వెనక్కి. గౌతమీ గోదావరి ఒడ్డున చుట్టూరా మన జిల్లా, మధ్యలో సుమారు ముప్ఫై చదరపు కిలోమీటర్ల ఫ్రెంచ్ ముక్క. ఫ్రెంచ్ వాళ్ళు 1720లలో వచ్చారు. మధ్యమధ్యలో ఇంగ్లీషు వాళ్ళు లాక్కున్నా మళ్ళీ వచ్చి కూర్చున్నారు. మన వైపు వాళ్ళకి యానాం అంటే మంగళవారం సంత, విదేశీ సరుకు. శారదా చట్టం వచ్చాక 1930 నుంచీ ఇంకో ఉపయోగం కూడా కనిపెట్టారు. బ్రిటిష్ ఇండియాలో బాల్య వివాహం నేరం, యానాంలో కాదు. ఇంకేం, పెళ్ళిబృందాలు గీత దాటి అక్కడ తాళి కట్టించుకుని వచ్చేవి. ఊరికి కళ్యాణపురం అని పేరు పడింది. (చట్టంలో లూప్‌హోల్ వెతకడం మనకి ఇవాళ అలవాటైంది కాదు.)

1947లో ఇంగ్లీషు వాళ్ళు వెళ్ళిపోయారు, ఫ్రెంచ్ వాళ్ళు వెళ్ళలేదు. పుదుచ్చేరి, కారైకాల్, మాహె, యానాం, బెంగాల్లో చంద్రనగర్ - మొత్తం అయిదు ముక్కలు. ఫ్రాన్సుకి ఒక సాకు ఉంది, అది మరీ బూటకం కూడా కాదు. వాళ్ళ 1946 రాజ్యాంగం 27వ అధికరణం ప్రకారం అక్కడి జనం ఒప్పుకోకుండా ఏ భూభాగాన్నీ వదులుకోవడానికి వీల్లేదు. అందుకని 1948 జూన్‌లో ఢిల్లీ, ప్యారిస్ ఒక ఒప్పందానికి వచ్చాయి. భారతదేశంలో కలవాలా, ఫ్రాన్సుతో ఉండాలా అన్నది జనమే ఓటేసి తేల్చుకుంటారు. ఓటు ఎప్పుడు, ఎలా అన్నది ఎన్నికైన మునిసిపల్ కౌన్సిళ్ళు నిర్ణయిస్తాయి. కాగితం మీద ఇంతకన్నా శుభ్రమైన పద్ధతి ఉండదు.

ఆచరణలో మొదటి అడుగే బురదలో పడింది. కౌన్సిళ్ళు ఎన్నికవ్వాలి కాబట్టి 1948 అక్టోబరులో మునిసిపల్ ఎన్నికలు పెట్టారు. మాహెలో ఓటరు గుర్తింపు కార్డులు సరిగ్గా పంచడంలేదని గొడవ మొదలై, ఐ.కె. కుమారన్ నాయకత్వంలో జనం ప్రభుత్వాఫీసులనే ఆక్రమించేశారు. కొద్దిరోజులకి ఫ్రెంచ్ యుద్ధనౌక వచ్చి ఊరిని తిరిగి స్వాధీనం చేసుకుంది. ఓటరు కార్డు దగ్గర మొదలై యుద్ధనౌక దగ్గర తేలింది! మిగతాచోట్ల ఎడ్వార్ గుబేర్ అనే నాయకుడి ఫ్రెంచ్ ఇండియా సోషలిస్టు పార్టీ గెలిచింది. అప్పటికి ఆయన ఫ్రాన్సు పక్షం. (ఈ పేరు గుర్తుపెట్టుకోండి.) ఫ్రెంచ్ ఇండియాలో ఎన్నికలంటే ఓటర్ల జాబితా ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే గెలవడం అప్పటికే పాత ఆనవాయితీ.

చంద్రనగర్లో మాత్రం ఓటు నిజంగానే జరిగింది. 1949 జూన్ 19. భారత్ వైపు 7,473, ఫ్రాన్సు వైపు 114. ఆ అంకె చూశాక ప్యారిస్‌కి మిగతా చోట్ల ఓటు పెట్టాలన్న ఉత్సాహం తగ్గడంలో ఆశ్చర్యం లేదు. అయితే ఢిల్లీకి కూడా తగ్గింది, దాని కారణాలు దానికున్నాయి. ఎందుకంటే చంద్రనగర్ కలకత్తా పక్కన ఉన్న ఊరు, ఫలితం ముందే తెలుసు. పుదుచ్చేరిలో అలా కాదు. ఫ్రెంచ్ పెన్షన్లు తినేవాళ్ళు, సైగాన్లో ఉద్యోగాలు చేసే బంధువులున్న కుటుంబాలు, దొంగరవాణా మీద డబ్బు చేసుకునేవాళ్ళు - వీళ్ళంతా ఉన్నారు.

ఇక్కణ్ణించి రెండు వైపుల నించీ "జోక్యం" మొదలైంది. నాకు ఆసక్తి అంతా ఈ భాగం మీదే.

ఫ్రెంచ్ వైపు చూడండి. పోలీసు వాళ్ళది, జాబితా వాళ్ళది, కోర్టు వాళ్ళది. విలీనం కావాలన్న వాళ్ళ ఇళ్ళ మీద రౌడీలు పడుతుంటే పోలీసులు అటు తిరిగి నుంచునేవారు. మన యానాం శివారు ఫరంపేటలో పుట్టిన దడాల రఫేల్ రమణయ్య ఫ్రెంచ్ పోలీసు ఉద్యోగే. ఉద్యోగం వదిలేసి విలీనం పక్షంలోకి వచ్చాడు. లోపలి నుంచి చూసినవాడు కాబట్టి ఆ యంత్రం ఎలా పనిచేస్తుందో ఆయనకి బాగా తెలుసు.

ఇప్పుడు భారత్ వైపు. 1949లో కస్టమ్స్ ఒప్పందం రద్దయింది. అప్పట్నించీ ఈ ముక్కల చుట్టూ చెక్‌పోస్టులు, సరుకుల మీద ఆంక్షలు, తర్వాత పర్మిట్లు. మ్యాపులో యానాం చూస్తే దీని అర్థం ఏంటో తెలుస్తుంది. ఊరు దాటితే మన పొలాలు, మన రోడ్డు, మన కాలవ. బియ్యం నుంచి కిరసనాయిలు దాకా అన్నీ మన వైపు నించి వెళ్ళాల్సిందే. పక్కూరి అల్లుడింటికి వెళ్ళాలన్నా సరిహద్దు దాటాల్సిందే. స్మగ్లింగ్ ఆపడానికే అని ఢిల్లీ అంది. స్మగ్లింగ్ నిజంగా ఉంది కూడా. కానీ రేపు ఓటేయబోయేవాడి పొయ్యి మీద ఇవాళ మనం చెయ్యి పెట్టాం అన్నది కూడా అంతే నిజం. పుదుచ్చేరిలో మన కాన్సల్ జనరల్‌గా వచ్చిన కేవల్ సింగ్ విలీనవాదులకి దన్నుగా ఉన్నాడన్నది పెద్ద రహస్యమేమీ కాదు.

ప్యారిస్ దృష్టిలో భారత్ చేసినది పక్కదేశం జోక్యం. ఢిల్లీ దృష్టిలో వేల మైళ్ళ అవతల్నించి వచ్చి కూర్చున్నవాడే పరాయివాడు, ఇంట్లోవాళ్ళం మనం చేసేది జోక్యం ఎలా అవుతుంది? రెండూ పత్రికల్లో వచ్చేవి, రెంటికీ చప్పట్లు కొట్టేవాళ్ళుండేవారు. 1951లో అంతర్జాతీయ న్యాయస్థానం ద్వారా ఎంపికైన తటస్థ పరిశీలకులు వచ్చి చూసి వెళ్ళారు. ఓటర్ల జాబితాలు నమ్మదగినట్టు లేవన్నది వాళ్ళకి కనపడిన పెద్ద లోపం. జాబితా బాగుచేసి ఓటు పెడదాం అని రెండు ప్రభుత్వాల్లో ఏదీ గట్టిగా పట్టుబట్టలేదు. 1952లో ఇక రిఫరెండం కుదరదు, తిన్నగా అప్పగించండి అని ఢిల్లీ తేల్చేసింది.

తర్వాత కథ గబగబా నడిచింది. 1954 మార్చిలో గుబేర్ గోడ దూకాడు. ఆయన వర్గం మంత్రులు, మేయర్లు కలిసి "రిఫరెండం లేకుండా" విలీనం కావాలని తీర్మానం చేశారు. గమనించండి, జనాన్ని అడగొద్దు అని జనం ఎన్నుకున్నవాళ్ళే అడిగారు. మే 7న వియత్నాంలో దియెన్ బియెన్ ఫూ పడిపోయింది. ఆసియాలో ఫ్రాన్సు నడుం విరిగింది. అయిదు వారాలకి, జూన్ 13 ఆదివారం నాడు, దడాల నాయకత్వంలో వాలంటీర్లు యానాంలోకి వెళ్ళారు. పోలీస్ స్టేషన్ పట్టుకున్నారు, ఫ్రెంచ్ జెండా దింపారు, మన జెండా ఎక్కించారు. కొద్ది వారాలు ఊరి పాలన దడాల చేతిలోనే నడిచింది.

మన పుస్తకాల్లో దీని పేరు యానాం విమోచన. ఫ్రెంచ్ వాళ్ళ రాతల్లో దీని పేరు యానాం కూ, అంటే కుట్రతో అధికారం లాక్కోవడం. వచ్చినవాళ్ళంతా ఊరివాళ్ళు కాదనీ, వెనక భారత పోలీసులున్నారనీ ఫ్రెంచ్ పక్షం ఆరోపణ. దడాల ఊరివాడే కదా అని మనవాళ్ళ జవాబు. రెండు మాటలూ ఒకేసారి నిజం అవ్వొచ్చని ఎవరికీ తట్టినట్టు లేదు.

చివరికి 1954 అక్టోబరు 18న పుదుచ్చేరి దగ్గర కీళూరు అనే పల్లెలో ఓటు జరిగింది. ఓటేసింది ఎన్నికైన ప్రతినిధులు, 178 మంది. విలీనానికి 170, వ్యతిరేకం 8. ఫ్రెంచ్ రాజ్యాంగం అడిగిన "జనం సమ్మతి" అయిపోయిందనిపించారు. నవంబరు 1న పాలన చేతులు మారింది. ఆ రోజుకి యానాం అప్పటికే నాలుగున్నర నెలలుగా మన చేతిలో ఉంది. అంటే డిప్లాయ్ చేసేశాక టెస్టింగ్ అన్నమాట. 1948 ఫిబ్రవరిలో జునాగఢ్‌లోనూ అంతే. మన సైన్యం వెళ్ళాక ఓటు పెట్టారు, పాకిస్తాన్‌కి పడినవి 91. 1956 మే 28న అప్పగింత ఒప్పందం మీద సంతకాలయ్యాయి. ఫ్రెంచ్ పార్లమెంటు దాన్ని ఆమోదించడానికి అల్జీరియా యుద్ధం ముగిసేదాకా ఆగి, 1962 జులైలో ఒప్పుకుంది. ఆగస్టు 16 నించి చట్టప్రకారం మనది. 1963లో పుదుచ్చేరి మొదటి ముఖ్యమంత్రి ఎవరో తెలుసా? ఎడ్వార్ గుబేర్.

ఇది చదివి "అయితే నువ్వు ఫ్రెంచ్ పక్షమా" అని కామెంట్ రాసేవాళ్ళు ఉంటారు కాబట్టి ముందే చెప్తున్నా. యానాం మనతో కలవడమే న్యాయం. 1954లో నిజాయితీగా ఓటు పెట్టినా గెలిచేవాళ్ళమని నా నమ్మకం. అసలు నా బాధ కూడా అదే. గెలిచే ఓటుని మనం వద్దన్నాం. వద్దనడానికి మనం చూపించిన కారణం "అక్కడ పరాయివాడి జోక్యం ఉంది, ఓటు స్వేచ్ఛగా జరగదు" అని. సరిగ్గా అదే కారణం ఫ్రాన్సు కూడా మన మీద చూపించింది. ఇలా ఇద్దరూ కలిసి, గౌతమి ఒడ్డున చేపలు పట్టుకునేవాడిని, సంతలో కొట్టు పెట్టుకున్నవాడిని ఒక్కసారి కూడా అడక్కుండానే పని కానిచ్చేశారు.

అన్నట్టు, పరాయి జోక్యం మీద ఇంత బాధపడ్డ ఫ్రాన్సే 1967 జులైలో ఏం చేసిందో చూడండి. అధ్యక్షుడు డిగాల్ కెనడా అతిథిగా వెళ్ళి మాంట్రియల్లో బాల్కనీ ఎక్కి క్యూబెక్ స్వాతంత్ర్యం వర్ధిల్లాలని అరిచి వచ్చాడు. 2016లో ఒబామా లండన్లోనే నిలబడి, బయటికెళ్తే వ్యాపార ఒప్పందానికి క్యూలో చివర్న నుంచోవాలి అన్నాడు. ఇవి బాహాటంగా చేసినవి కాబట్టి జోక్యం లెక్కలోకి రాలేదు. మన చర్చల్లో నాకు నచ్చనిది ఇదే. ఎవడో దూరంగా కూర్చుని పోస్టు పెడితే ఉలిక్కిపడతాం. ఓటర్ల జాబితా ఎవరి దగ్గరుంది, "కాదు" అని ఓటేసినవాడికి రేపు బియ్యం దొరుకుతాయా, ఇంటి మీదికి ఎవరైనా వస్తే పోలీసు కదుల్తాడా - ఇవి అడగం. యానాంలో ఒక్క బాట్ కూడా లేదు, ఈ మూడూ ఉన్నాయి.

ఆ 1956 ఒప్పందంలో చాలామందికి తెలియని ముక్క ఒకటుంది. దాని రెండో అధికరణం ప్రకారం ఈ ప్రాంతాలకి ప్రత్యేక పాలనా హోదా కొనసాగుతుంది, దాన్ని మార్చాలంటే ప్రజల అభీష్టం తెలుసుకున్నాకే మార్చాలి. అంటే ఫ్రాన్సూ మనమూ కలిసి ఎగ్గొట్టిన ప్రశ్నని భవిష్యత్తు మార్పుల కోసం అట్టేపెట్టారు. 1979 జనవరిలో అది పనికొచ్చింది. పుదుచ్చేరిని పక్క రాష్ట్రాల్లో కలిపేస్తే మంచిదన్నట్టు ప్రధాని మొరార్జీ దేశాయ్ మాట్లాడాడు. అంటే యానాం మన ఆంధ్రాలోకి, మాహె కేరళలోకి అన్నమాట. జనం రోడ్డు మీదికొచ్చారు, పోలీసు కాల్పులు జరిగాయి, ప్రాణాలు పోయాయి. ఆ ఆలోచన అక్కడితో అటకెక్కింది. ఈసారి ఫ్రెంచ్ వాడు లేడు, పరాయి డబ్బు లేదు. పరాయిగా కనపడింది ఢిల్లీయే.

మన వైపు మీటింగుల్లో ఇప్పటికీ అప్పుడప్పుడూ ఎవరో ఒకరు, యానాం తెలుగూరే కదా, పుదుచ్చేరి కింద ఎందుకు, ఆంధ్రాలో కలిపెయ్యాలి అంటుంటారు. భాష ఒకటే, నది ఒకటే, చుట్టరికాలు కూడా ఒకటే, నిజమే. అలా అన్నవాళ్ళని నేను అడిగేది ఒకటే: యానాం వాళ్ళని అడిగారా?