కాకతీయుల స్వాతంత్ర్యము: అనుమకొండ శాసనసాక్ష్యము

బొగ్గుగనులవలన నేడు ప్రసిద్ధి గాంచిన రామగుండమునకు బడమట, జగిత్యాల చెంత, పొలాస యను గ్రామము గలదు. క్రీస్తుశకము పండ్రెండవ శతాబ్దియందు మేడరాజేలిన పొలవాసదేశమునకు ముఖ్యస్థాన మిదియే యని చరిత్రజ్ఞుల నిర్ణయము. ఒక సామంతకులము సామ్రాజ్యమునుండి విడివడి రాజ్యమును స్థాపించిన వృత్తాంత మీ సీమ పరాజయముతో ముడివడియున్నది.

కర్తకు స్వాతంత్ర్యమే లక్షణముగ పాణిని చెప్పెను. ఒరునిచే బ్రేరితుడై పనిచేయువాడు ప్రయోజ్యుడు, ప్రేరేపించువాడు ప్రయోజకుడు. కాకతీయులు కల్యాణ చాళుక్యులకు జిరకాలము ప్రయోజ్యులై యుండిరి. అనుమకొండ పద్మాక్షిగుట్టమీది 1117 నాటి శాసనము రెండవ ప్రోలరాజు కాలమునాటిదే. అయినను అది కన్నడభాషలో, త్రిభువనమల్ల విక్రమాదిత్య చక్రవర్తిని బేర్కొని, చాళుక్యవిక్రమవర్షము 42 అని కాలము దెల్పుచున్నది. భూమి యనుమకొండది, కాలగణనము చక్రవర్తిది.

వేయిస్తంభముల గుడియందలి రుద్రదేవుని శాసన మిట్టిది గాదు. అది శకవర్షము 1084, అనగా క్రీ.శ. 1163 నాటిది. అందు మహామండలేశ్వర బిరుదము నిలిచియున్నది గాని పైప్రభువు పేరు లేదు. బిరుదము మాఱకమున్నే వాక్యమున గర్త మాఱెను.

ఈ మార్పునకు గారణము రుద్రదేవుని శౌర్య మొక్కటియే కాదు. విక్రమాదిత్యుని యనంతరము సామ్రాజ్యము సడలెను. మూడవ తైలపుని కాలమున గలచురి బిజ్జలుడు, తానును సామంతుడయ్యు, కల్యాణమునే యాక్రమించెను. ప్రోలరాజు తైలపుని బట్టి, భక్త్యనురాగములచే విడిచెనని పై శాసనమే పలుకుచున్నది. పట్టుటకు శక్తి కలిగెను. విడుచుటకు గారణమైన భక్తి యింకను బోలేదు. తండ్రి తెంపని యా బంధము కుమారుని కాలమున దెగెను.

అయిన నా శాసనమే దొమ్మరాజును, మేడరాజును రుద్రదేవుడు జయించి పొలవాసదేశమును గైకొన్నట్లు చెప్పుచున్నది. వారును జాళుక్యసామంతులే. ప్రయోజ్యత్వమును వీడినవాడు పొరుగువారికి బ్రయోజకుడయ్యెను.

ఇది యొక్క దేశపు రీతి గాదు. 1776లో బ్రిటిషు రాజ్యాధికారమును ద్రోసివేసిన పదుమూడు అమెరికా వలసలు 1787 నాటి తమ రాజ్యాంగపత్రమునకు క్రీస్తుశకముతోడ దమ స్వాతంత్ర్యమున బండ్రెండవ వత్సరమనియు గాలము వేసికొనిరి. ఆ పత్రమే ప్రాతినిధ్యగణనమున దాసజనుల నైదింట మూడువంతులుగ లెక్కించెను.

కాకతీయుల స్వాతంత్ర్యమువలన గలిగిన మేలు గొప్పది. తెలంగాణమున శాసనములందు గన్నడము వెనుకబడి తెలుగు ప్రబలెను. గణపతిదేవుడు తీరాంధ్రమును దెలంగాణమును నేకచ్ఛత్రము క్రిందికి దెచ్చెను. తెలుగువా రొక్కజాతి యను భావమున కది బలమైన పునాది. అయినను మేడరాజు పరాజయమును గెలిచినవారి శాసనములందే చదువవలసియున్నది. కావున స్వాతంత్ర్యచరిత్రమును బరిశీలించువారు వాక్యమున గర్తను గుర్తించుటతో దృప్తి నొందక, కర్మ యెవ్వరో యదియు విచారింపవలయును.