తప్పు హెడ్‌దా, ట్రైలర్‌దా?

ఈసారి పోస్టు కొంచెం పొడుగు, ఓపికగా చదవండి.

ట్రైలర్ వెనక లైటు వెలగదు. పోలీసు ఆపి ముఖాలఫా రాస్తడు. హెడ్ చూసే మెకానిక్ "నా సాకెట్ దాకా కరెంటు బరాబర్ వస్తుంది, లొల్లి ట్రైలర్‌లోనే" అంటడు. ట్రైలర్ చూసే మేము "వైరింగ్ మొత్తం చూసినం, తప్పు హెడ్‌దే" అంటం. మధ్యల డ్రైవరన్న జీతం కోత. ఈ పంచాయితీ మన ఒక్కరిదే అనుకున్నం. అమెరికా సైన్యానికీ ఇదే పంచాయితీ ఉందని చదివినంక తెలిసింది.

1970లలో ఆ సైన్యం ఆర్‌సీఏ కంపెనీతో ఒక డబ్బా చేయించింది. పేరు ఎస్‌టీఈ/ఐసీఈ, అంటే ఇంజిన్లకు సులువైన పరీక్ష పరికరం. చేత్తో మోసుకుపోవచ్చు. బండిలో ముందే బిగించిన సాకెట్‌కి కేబుల్ పెట్టి, టెస్టు నంబరు తిప్పి, బటన్ నొక్కితే అంకె చూపిస్తది. చెవితో విని, చేత్తో ముట్టి చెప్పే మెకానిక్‌లకు అది పెద్ద మార్పే. పాడైందనుకుని మంచి స్టార్టరునే పీకి కొత్తది వేస్తే ఎంత నష్టమో మనకు తెల్వనిది కాదు.

అయితే ఆ డబ్బా కరెంటు తీసుకునేది బండి బ్యాటరీ నుంచే. చూసేది కూడా ఇంజిన్‌నే. ట్రైలర్‌కి ఇంజినూ లేదు, బ్యాటరీ లేదు. హెడ్ తగిలిస్తేనే దానికి ప్రాణం. తగిలిస్తే మళ్లీ అదే అనుమానం: తప్పు ఎవరిది?

ఎడారిల ఆ అనుమానానికి టైం ఉండదు. 1991 యుద్ధంలో రెండు పెద్ద కోర్‌లను సౌదీలో పడమటికి జరిపినప్పుడు ట్యాప్‌లైన్ రోడ్డు మీద రాత్రీ పగలూ ట్రైలర్లే. అప్పుడది రెండు లైన్ల రోడ్డు. సైన్యం సొంత బండ్లు సరిపోక కిరాయికి ట్రక్కులు తీసుకున్నరు. తోలినవాళ్లలో మన ఉపఖండం డ్రైవర్లూ ఉన్నరు. వాళ్ల గురించి పుస్తకాల్లో రెండు ముక్కలకు మించి కనబడదు.

ఇప్పుడు వచ్చే ట్రైలర్ టెస్టర్ ఆ అనుమానాన్ని తీరుస్తది. అదే హెడ్ అయిపోతది. సొంత బ్యాటరీ ఉంటది. ఒక్కో లైటుకు విడిగా కరెంటు పంపి, ఎన్ని ఆంపియర్లు లాగుతుందో చూపిస్తది. బ్రేకు పైపులకు గాలి పెట్టి బంద్ చేస్తే, గేజీ ముల్లు పడిపోతుందా లేదా చూస్తే చాలు. హెడ్ అక్కర్లేదు, రెండో మనిషీ అక్కర్లేదు.

సైన్యం ట్రైలర్‌కి ఇంకో చిక్కుంది. అమెరికా రోడ్ల మీది ట్రైలర్లు 12 వోల్టులు, 7 పిన్నులు. సైన్యానివి 24 వోల్టులు, 12 పిన్నులు. ఆ పిన్నుల్లో బ్లాక్అవుట్ లైట్లవి కూడా ఉంటాయి. ఈ వెనక లైటు మాకు భలే నచ్చింది. వెనక బండి సుమారు 60 అడుగుల లోపలుంటే నాలుగు చుక్కలు కనబడతయి, 60 నుంచి 180 అడుగుల మధ్య రెండు, ఇంకా దూరమైతే ఒక్కటే. చీకట్లో చుక్కలు లెక్కబెట్టి దూరం పట్టుకోవాలె. అంటే ఆ లైటు కూడా ఒక కొలత పరికరమే. వైరు తెగితే వెనకోడు గుద్దుతడు. టెస్టర్ ఆ వైరును మరిచిపోతే సైన్యానికి పనికిరాదు.

మరి టెస్టర్‌నే ఎట్ల పరీక్షిస్తరు? 1962లో మొదలైన మిల్-స్టాండర్డ్-810 అనే పద్ధతి ఉంది. అందులో మనిషి మోసే సామానును 122 సెంటీమీటర్ల ఎత్తు నుంచి 26 సార్లు పడేస్తరు. డబ్బాకి 6 ముఖాలు, 12 అంచులు, 8 మూలలు, కలిపితే 26. వేడి పరీక్షలో 71 డిగ్రీల దాకా పోతరు. ఎండకాలం మూసిన క్యాబిన్ తలుపు తీసినోళ్లకు ఆ అంకె కొత్తగా అనిపించదు. ఇసుక, దుమ్ము, వాన, కుదుపు పరీక్షలు వేరే ఉన్నయి.

మా లెక్కల అసలు పరీక్ష వేరే. తెలిసి తెలిసి ట్రైలర్‌లో ఫాల్టు పెట్టి, మామూలు మెకానిక్ చేతికి టెస్టర్ ఇచ్చి, దొరకబడతడా లేదా చూడటం. ముఖ్యంగా తుప్పు పట్టిన ఎర్త్ పెట్టాలె. ఎర్త్ సరిగ్గా లేకుంటే ఇండికేటర్ కరెంటు వేరే బల్బు గుండా వాపస్ పోతది. ఇండికేటర్ వేస్తే టెయిల్ లైటు కొట్టుకుంటది. ఇంకోటి, ఒక్క పోగు మీద వేలాడే వైరు. ఉత్త మీటరు పెడితే పూర్తి 24 వోల్టులు చూపిస్తది. బల్బు లోడు పడగానే వోల్టేజీ కూలిపోతది. లోడు పెట్టని టెస్టర్ ఎంత ఖరీదైనా అబద్ధమే చెప్తది.

ఇది చదివినంక మేము పాత 12 వోల్టుల బ్యాటరీలు రెండు సిరీస్‌లో కలిపి, ఫ్యూజులు వేసి, ట్రాలీ మీద పెట్టి, 7 పిన్నుల సాకెట్‌కి స్విచ్చులు బిగించినం. మొన్న జీతం కోతపడ్డ డ్రైవరన్న ట్రైలర్‌కి పెట్టి చూస్తే అన్ని లైట్లూ వెలిగినయి. హెడ్ సాకెట్ విప్పితే ఒక పిన్ను లోపలికి పోయి ఉంది. ముదీర్‌కి ఫోటో చూపించినం. కోసిన పైసలు మాత్రం ఇంకా వాపస్ రాలేదు.