బాలాపూరు చలికి చరిత్ర ఉందా?

మొన్నటి ధనుర్మాసంలో చికాగో నుంచి మా మేనకోడలు ఫోను చేసింది. వాళ్ళ వీధిలో మోకాలి లోతు మంచు పడిందట, కారు కనబడటం లేదట. ఆ సంబరమంతా చెప్పి, చివరికి, "మామయ్యా, మన బాలాపూరులో ఎన్నడన్నా మంచు పడిందా?" అని అడిగింది. "ఎందుకు పడలేదు, ఇవాళ పొద్దున కూడా పడింది" అని నోటిదాకా వచ్చింది. తెల్లవారుజామున చెరువు గట్టు మీద ఎదురుగా వచ్చే మనిషి ఆనవాలు పట్టలేనంత మంచు ఉంది మరి! ఆమె అడిగిన మంచు వేరు, నేను చూసిన మంచు వేరు. గడ్డి మీది బిందువుకీ, దారి మూసే పొగకీ, హిమాలయాల మీది తెల్లని రాశికీ మనవాళ్ళు ఒక్క మాటే ఉంచుకున్నారు. మూడోది చూడవలసిన అవసరం మనకు పడలేదు కాబట్టి ఇబ్బందీ పడలేదు.

హైదరాబాదులో హిమపాతం జరిగినట్టు చరిత్రలో లేదు. పదిహేడో అక్షాంశం దాటి కాస్త పైన, సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉన్న ఊరు మాది. అంతకంటె ముఖ్యమైన చిక్కు ఇంకొకటి ఉంది. ఇక్కడ గట్టి చలి పెట్టే రాత్రులు మబ్బు లేని రాత్రులు. ఉత్తరపు పొడిగాలి వీచి, ఆకాశం నిర్మలమై, పగలు తాగిన వేడినంతా నేల పైకి వదిలేసినప్పుడే పాదరసం పడిపోతుంది. మబ్బు వచ్చిందా, అది దుప్పటిలా కప్పి చలిని తగ్గిస్తుంది. చలి ఉన్ననాడు మబ్బు ఉండదు, మబ్బు ఉన్ననాడు అంత చలి ఉండదు. ఇక హిమం ఎక్కడి నుంచి రాలుతుంది?

ఆకాశం నుంచి మనకు రాలే మంచుగడ్డ ఒకటే, రాళ్ళవాన. 2023 మార్చి 16న వికారాబాద్ జిల్లా మర్పల్లిలో వడగళ్ళు పరుచుకున్న తీరు చూసి, కాశ్మీరం మన దగ్గరికే వచ్చిందని జనం మురిసిపోతూ ఫొటోలు పంచుకున్నారు (పంట పోయిన రైతు మురిసి ఉండడు). 1939 మార్చి 17న హైదరాబాదులో 3.4 కిలోల వడగల్లు పడిందని వాతావరణ గ్రంథాలలో ఒక ప్రస్తావన ఉంది. పడ్డ తరువాత కొన్ని రాళ్ళు కరిగి అతుక్కుని ఒకటై ఉంటాయని నిపుణుల అనుమానం. నాకూ ఆ అనుమానమే సబబు అనిపిస్తుంది. ఏమైనా ఇవన్నీ ఎండాకాలపు ముంగిట జరిగే ముచ్చట్లు, శీతకాలానివి కావు.

శీతకాలానికి వస్తే మన నగరానికి మిగిలింది ఒకే ఒక్క అంకె. 1946 జనవరి 8న 6.1 డిగ్రీలు. బేగంపేట లెక్కల్లో అంతకు తక్కువ లేదు. మామూలుగా జనవరి రాత్రులు 15 డిగ్రీల దరిదాపుల్లో ఉండే ఊరికి అది ఎంత పెద్ద పతనమో ఊహించండి. ఆనాడు మంగళవారం. సంక్రాంతికి ఇంకా వారం కూడా లేదు. ప్రపంచయుద్ధం ముగిసి కొన్ని నెలలే అయింది, యుద్ధం తెచ్చిన బట్టల కరువు మాత్రం ముగియలేదు. అదే సంవత్సరం జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకి గుండుకు ఒరిగిపోయాడు. ఆ రోజు గురించి పుస్తకాలున్నాయి, పాటలున్నాయి. జనవరి 8 రాత్రి గొంగడి లేని ఇళ్ళలో ఎవరెవరు ఒరిగారో చెప్పే పుస్తకం నాకు ఇంతవరకూ దొరకలేదు.

ఆ అంకెను కూడా తరచి చూడాలి. వాతావరణ శాఖ ఉష్ణమాపకం నేలకు నాలుగడుగుల ఎత్తున, గాలి ఆడే తెల్లని చెక్కపెట్టెలో, నీడలో ఉంటుంది. గాలి కదలని నిర్మలమైన రాత్రి నేలను ఆనుకుని ఉన్న గాలి అంతకంటె కొన్ని డిగ్రీలు తక్కువే ఉంటుంది. అంటే 6.1 పెట్టెలో ఉన్న పాదరసానికి. నేల మీద గోనెపట్టా పరుచుకుని పడుకున్నవాడికి ఎంతో ఆ పెట్టెకు తెలియదు.

వరదకు ఈ బాధ లేదు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమందిని తీసుకుపోయింది. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కినవాళ్ళ కథ ఈ నగరంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. మా బాలాపూరులోనే 2020 అక్టోబరులో గుర్రం చెరువు కట్ట తెగి బస్తీలు మునిగితే, నీళ్ళు నిలిచిన ఎత్తు గోడల మీద చాలాకాలం కనబడింది. చలి గోడ మీద గీత పెట్టదు. ముసలివాడు తెల్లవారి లేవకపోతే "వయసైపోయింది" అంటారు. పసిపాప పోతే "గాలి సోకింది" అంటారు. చలి పేరు ఎవరూ ఎత్తరు.

ఇక్కడ నన్ను ఊరించే సంగతి ఒకటి ఉంది. నవాబ్ జఫర్ జంగ్ ఇంగ్లండు నుంచి 15 అంగుళాల గ్రబ్ దూరదర్శిని తెప్పించి, 1901లో ఫిసల్‌బండలోని తన ఎస్టేటులో వేధశాల స్థాపించాడు. ఫిసల్‌బండ మాకు ఎంత దూరమని, సంతోష్‌నగర్ దగ్గరే! 1907లో ఆయన చనిపోయాడు. మరుసటి ఏడు వేధశాల నిజాం ప్రభుత్వం చేతికి వచ్చింది. మొదటి డైరెక్టరుగా వచ్చిన చాట్‌వుడ్ దాన్ని బేగంపేటకు మార్పించాడు. నగర వాతావరణపు లెక్కలు కూడా ఆ వైపే స్థిరపడ్డాయి. నవాబు ఇంకొంతకాలం బతికి, వేధశాల ఇక్కడే ఉండి ఉంటే, మా తూర్పు దిక్కు చలికి కూడా ఒక ఖాతా మిగిలేదేమో. (చరిత్రలో "ఉంటే" అనకూడదని తెలుసు. అయినా ఆశ.)

ఇప్పుడు బేగంపేట చుట్టూ కాంక్రీటు. పగలంతా వేడెక్కి రాత్రంతా దాన్ని వదిలే గోడల నడుమ ఆ 6.1 చెరగడం కష్టం. ఈ మధ్యకాలపు శీతకాలాల్లో నగరంలో తక్కువ అంకెలు రాజేంద్రనగర్‌లోనో, శేరిలింగంపల్లి విశ్వవిద్యాలయపు చెట్ల మధ్యనో వస్తున్నాయి. మండలానికొక స్వయంచాలక యంత్రం వచ్చాక మా వైపు అంకెలు కూడా నమోదవుతున్నాయి. సంతోషమే. వెనకటి వందేళ్ళ మాట?

దానికి మా అమ్మే నా ఆధారం. "గా ఏడు ఇగం పెట్టింది కొడుకా, కుండల నీళ్ళు ముట్టుకుంటే ఏళ్ళు కొరికినట్టయ్యేది. మన జీతగాడు పొయ్యికాడ్నే పండుకున్నడు, పొద్దుగాల లేపితే లేవలే" అనేది. ఏ ఏడమ్మా అంటే, "ఎర్రబర్రె ఈనిన ఏడు" అనేది. ఆ బర్రె ఎప్పుడు ఈనిందో తేల్చేవారు లేరు, ఇప్పుడు అమ్మా లేదు. జీతగాడి పేరు నేను అడగనే లేదు.

2012 తరువాత బర్మా నుంచి పారిపోయి వచ్చిన రోహింగ్యా కుటుంబాలు మా బాలాపూరు ఖాళీ జాగాలలో వెదురుబద్దలతో, ప్లాస్టిక్ పట్టాలతో గుడిసెలు వేసుకున్నాయి. పోయిన జనవరిలో ఒక తెల్లవారుజామున అటు నడిచాను. పాత టైర్ల ముక్కలు, అట్టపెట్టెలు వేసి మంట రాజేసుకుని, దాని చుట్టూ పిల్లలను ముందు వరుసలో, ముసలివాళ్ళను వెనక వరుసలో కూర్చోబెట్టారు. నన్ను చూసి ఒకాయన జరిగి చోటిచ్చాడు. పొగ కళ్ళలో మండుతున్నా కాసేపు కూర్చున్నాను.

ఇంటికి వచ్చి ఉష్ణమాపకాలు రెండు కొన్నాను. ఒకటి వరండాలో నా భుజమెత్తున కట్టాను, ఇంకొకటి పెరట్లో నేల మీద గడ్డిలో పెట్టాను. మరునాడు ఉదయం ఆరు గంటలకు పైది 12, కిందది 8. పాత డైరీలో తారీఖు వేసి రెండూ రాశాను. మేనకోడలికి ఫోను చేసి చెబితే నవ్వింది, వాళ్ళకు ఆ పూట సున్నాకు కింద పదిహేనట.