కొలువు కోరిన వేషం

పట్టా పుచ్చుకొన్న యువకుడు ఉద్యోగానికి పోయేటప్పుడు ఏమి కట్టుకోవాలి, జుట్టు ఎట్లా ఉంచుకోవాలి అన్న ప్రశ్న మన గోదావరి మండలాలలో ఈనాటిది కాదు. నేటి యువకుడు వేసవి ఎండలో మెడకు టై బిగించుకొని పరీక్షాధికారుల ఎదుట కూర్చుంటున్నాడు. అతని ముత్తాత అదే ఎండలో తలపాగా చుట్టి, పొడుగు కోటు తొడిగి కచేరీ మెట్లు ఎక్కినాడు. ఇద్దరి చెమటా ఒకటే.

ధవళేశ్వరం వద్ద కాటన్ దొర ఆనకట్ట పని 1847లో మొదలై 1852 నాటికి ముగిసినది. కాలువలతో పాటు కచేరీలూ పెరిగినవి. నీటిపారుదల, శిస్తు, న్యాయస్థానం – అన్నిటికీ ఇంగ్లీషు వచ్చిన గుమాస్తాలు కావలసి వచ్చినారు. రాజమహేంద్రవరంలో 1853లో వెలసిన జిల్లా పాఠశాల 1873లో కళాశాల అయినది. కొబ్బరితోటల నడుమనుండి, అగ్రహారాలనుండి పిల్లలు పడవలెక్కి చదువుకు వచ్చినారు. ఆ చదువుకు ఫలం కొలువు. ఆ కొలువుకు వేషం కావాలి.

ఆ వేషం చిత్రమైనది. నడుమునుండి క్రిందికి మన పంచె. పైన దొరల కత్తిరింపు కోటు. భుజాన ఉత్తరీయం, తలపై పాగా, పాగా క్రింద పిలక. దీనిని చూచి నవ్వుకొనేవారున్నారు గాని, అందులో ఒక లెక్క ఉన్నది. మన మర్యాద ప్రకారం పెద్దల ఎదుట తల కప్పుకోవాలి, కాళ్లు ఉత్తవిగా ఉండాలి. దొరల మర్యాద దీనికి సరిగా తలక్రిందులు: టోపీ తీయాలి, బూట్లు ఉంచుకోవాలి. రెండు మర్యాదల నడుమ నిలబడిన గుమాస్తా తలపాగాతో తన పెద్దలను, కోటుతో తన దొరను తృప్తిపరచినాడు. పిలకను మాత్రం ఎవరికీ చూపక దాచుకొన్నాడు.

తేలనిది కాళ్ల సంగతి. 1862లో సూరత్ సెషన్సు న్యాయస్థానంలో మానెక్జీ కావస్జీ ఎంటీ అనే పారశీక గృహస్థు ఇంగ్లీషు తరహా బూట్లతో లోనికి రాబోగా, వాటిని విప్పుమన్నారు. ఆయన విప్పనన్నాడు. ఆ రగడ దేశమంతా వినబడినది. ఆంగ్ల బూట్లు ధరించినవారు వాటితోనే కచేరీలకు, దర్బారులకు రావచ్చునని 1868లో ప్రభుత్వం తీర్మానించినది. నాటుచెప్పులకు ఆ మన్నన లేదు. అంటే, బూట్లు కొనగలిగినవాడు గౌరవాన్ని కూడా కొనుక్కొన్నాడన్నమాట. మన నల్లరేగడి బురదలో వానకాలం బూట్లతో నడచివచ్చినవాని అవస్థ ఆ తీర్మానం వ్రాసినవారికి తట్టి ఉండదు.

ఈ వేషం ఒక్క మనిషి పని కాదు. పంచె చలువ చేసి గంజి పెట్టిన చాకలి, గడ్డం గీచిన మంగలి, కుచ్చెళ్లు సరిచూచి సాగనంపిన ఇల్లాలు – వీరందరి పనితనం కచేరీ వాకిట ఒక అర్జీదారుగా నిలబడేది. జీతం మాత్రం ఒక్కనికే.

కందుకూరి వీరేశలింగంగారు కళాశాలలో తెలుగు పండితులుగా పనిచేసినవారు. ఆయన చిత్రాలు చూచినవారికి ఆ తలపాగా, ఆ కోటు గుర్తే. 1881 డిసెంబరులో వితంతు వివాహం జరిపించి ఊరినంతటినీ ఎదిరించిన మనిషి తలపాగాను మాత్రం కదపలేదు. ఆయన పోరాటం గుడ్డలతో కాదు.

గుడ్డమీద పోరాటం 1907లో వచ్చినది. ఆ ఏప్రిల్‌లో బిపిన్ చంద్రపాల్ రాజమహేంద్రవరం వచ్చి ఉపన్యసించినాడు. చిలకమర్తి లక్ష్మీనరసింహంగారు వాటిని తెలుగు చేసి వినిపించినారు. విద్యార్థులు రొమ్ముమీద వందేమాతరం బ్యాడ్జీలు పెట్టుకొని తరగతులకు వచ్చినారు. ప్రిన్సిపాలు మార్క్ హంటర్ వాటిని సహించలేదు. చాలామందిపై చర్య తీసుకొన్నాడు. వారిలో గాడిచర్ల హరిసర్వోత్తమరావు ఒకరు. అప్పటికే ఎం.ఏ. చదివి, ట్రెయినింగు కళాశాలలో ఉపాధ్యాయ శిక్షణ పొందుతున్నవారు. ఆయనను కళాశాలనుండి వెళ్లగొట్టి, ప్రభుత్వోద్యోగానికి అనర్హుని చేసినారు.

అంగుళమంత గుడ్డముక్కకు ఇంత భయమెందుకు? నాకు తోచేది ఇది. కోటు, తలపాగా – అవన్నీ దొర చూపు కోసం ధరించినవి. ఆ బ్యాడ్జి ఒక్కటే ఆ చూపును లెక్కచేయక ధరించినది. కోటు ఎంత శుభ్రంగా ఉన్నా అది చాలదని హంటర్‌కు తెలిసినది. హరిసర్వోత్తమరావుగారు మరుసటి ఏడు బెజవాడలో ‘స్వరాజ్య’ పత్రికకు సంపాదకులై, అందలి వ్రాతకు మూడేండ్ల కారాగారం అనుభవించినారు.

ఇదే కాలంలో కాకినాడలో మరొక తీరు కనబడుతుంది. పిఠాపురం రాజా కళాశాలకు 1904 నుండి 1919 వరకు ప్రిన్సిపాలుగా ఉన్న రఘుపతి వేంకటరత్నం నాయుడుగారు ఎప్పుడూ తెల్లని దుస్తులే ధరించేవారు. తలపాగా తెలుపు, కోటు తెలుపు. జరీ అంచు హోదాకు గుర్తుగా చలామణీ అయ్యే రోజులలో ఆ తెలుపు శిష్యులకు ఒక పాఠమే. 1925లో మద్రాసు విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షులైనప్పుడూ ఆయన వేషం మారలేదు.

1921 తరువాత ఖద్దరు వచ్చినది. మిల్లు కోటు తొడిగితే కొలువు, ముతక చొక్కా తొడిగితే అనుమానం. ఎందరో ఇంట ఒకటి, కచేరీలో ఒకటి కట్టుకొని రోజులు గడిపినారు. వారిని తప్పుపట్టడం సులభమే గాని, జీతంమీద ఆధారపడిన కుటుంబాలు అందరికీ ఉన్నవి. 1929 నాటి శాసనంతో మద్రాసులో సర్వీసు కమిషను ఏర్పడి, ఉద్యోగాల ఎంపిక ఒక్క దొర ఇష్టానికి వదలని పద్ధతి మొదలైనది.

కాకినాడ న్యాయవాది బులుసు సాంబమూర్తిగారు వృత్తితో పాటు చొక్కానూ విడిచినారు. 1937లో మద్రాసు శాసనసభకు స్పీకరుగా ఎన్నికైనప్పుడు, ఆయన కొల్లాయిగుడ్డతోనే వచ్చి ఆ పీఠంమీద కూర్చున్నారు.