హనోయి కరువు రోజుల్లో ఒక గిన్నె ఫో

డిసెంబరు 12 వియత్నాంలో ఫో దినం. ఫో అంటే బియ్యపు నూడుల్స్ మీద పోసే ఎముకల సూపు. హో చి మిన్ నగరం నుంచి వెలువడే ‘టువోయ్ ట్రే’ పత్రిక 2017లో ఈ ఆనవాయితీ మొదలుపెట్టింది. 2024 ఆగస్టులో వియత్నాం సాంస్కృతిక శాఖ హనోయి ఫోని, నామ్ దిన్ ఫోని జాతీయ వారసత్వాల జాబితాలో చేర్చింది. బియ్యపు నూడుల్స్ పొట్లం, ఫిష్ సాస్ సీసా ఇప్పుడు మన నగరాల సూపర్ మార్కెట్లలోనూ దొరుకుతున్నాయి. ఇంట్లో ఒకసారి చేసి చూద్దామనుకునేవాళ్లు ముందు దాని కథ తెలుసుకుంటే ఆ సూపు రుచి ఇంకాస్త బాగా అర్థమవుతుంది.

ఉత్తర వియత్నాంలోని ఎర్రనది లోయలో వరి వేల ఏళ్ల నాటిది. క్రీస్తుపూర్వం 111 నుంచి క్రీస్తుశకం 938 దాకా, మధ్యలో తిరుగుబాట్ల కాలం తప్పిస్తే, చైనా ఏలుబడి. నూడుల్స్, చాప్‌స్టిక్స్ ఆ దారినే వచ్చాయి. మిరపకాయ మనకి వచ్చినట్టే సముద్రం దాటి వచ్చింది. 1760లో లె హువు ట్రాక్ అనే వైద్యుడు ఇంటి వంటల మీద ఓ పుస్తకం రాశాడు. 1915లో హుయే రాజకుటుంబపు కోడలు త్రువాంగ్ డాంగ్ థి బిక్ నూరు వంటలను నూరు పద్యాల్లో చెప్పింది. ఉప్పూ కారం పాళ్లు ఛందస్సులో ఇమిడ్చిన ఆవిడకి ఎన్ని నమస్కారాలు పెట్టినా తక్కువే.

ఫో మాత్రం ఇంత పాతది కాదు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో నామ్ దిన్, హనోయి ప్రాంతాల్లో కావడి భుజాన వేసుకుని తిరిగే వ్యాపారులు అమ్మిన తిండి అది. అక్కడి రైతుకి ఎద్దు దుక్కికి కావాలి, కూరకి కాదు. ఫ్రెంచివాళ్లు వచ్చాక గొడ్డుమాంసానికి గిరాకీ పెరిగింది, ఎముకలు మిగిలాయి. ఆ ఎముకల్ని మరిగించి, బియ్యపు నూడుల్స్ మీద పోశారు. చైనా కార్మికుల వంటా, ఫ్రెంచి సూపూ రెండూ దానికి తల్లులేనని వాదించేవాళ్లున్నారు. నాకు ఆ రెండు మాటల్లోనూ నిజం కనిపిస్తుంది. 1957లో ఫిన్లాండ్ వెళ్లిన రచయిత న్యుయెన్ తువాన్ అక్కడి చలిలో కూర్చుని ఫో మీద పెద్ద వ్యాసమే రాశాడు.

అప్పటికి దేశం రెండు ముక్కలైంది. 1954 జెనీవా ఒప్పందం తర్వాత దాదాపు పది లక్షల మంది ఉత్తరం నుంచి దక్షిణానికి తరలిపోయారు, ఫో కూడా వాళ్ల వెంట సైగాన్ (ఇప్పటి హో చి మిన్ నగరం) చేరింది. అక్కడ పచ్చి మొలకలు, తులసిజాతి ఆకులు, నిమ్మబద్ద, తీపి సాస్ దానికి తోడయ్యాయి. ఉత్తరాన మిగిలిన ఫోది వేరే దారి. నేను ఆగి చెప్పాలనుకునేది ఆ దారి గురించే.

హనోయిలో హోటళ్లు ప్రభుత్వం చేతికి వచ్చాయి. బియ్యం, మాంసం, చక్కెర, నూనె, గుడ్డ అన్నీ కూపన్ల మీదే. మామూలు మనిషికి నెలకి దక్కే మాంసం కొన్ని వందల గ్రాములు. రేషను దుకాణం ముందు తెల్లవారకముందే వరస కట్టాలి. నిలబడే ఓపిక లేకపోతే ఒక ఇటుక మీద గుర్తు పెట్టి వరసలో ఉంచి వెళ్లేవారు. ఆ ఇటుక స్థానాన్ని అందరూ గౌరవించేవారు. బియ్యం చాలక బొబొ అనే జొన్నల్లాంటి ముతక గింజల్ని, గోధుమపిండిని కలిపి వండుకునేవారు.

ఆ రోజుల్లోనే ప్రభుత్వ హోటల్లో ఒక కొత్త ఫో వచ్చింది. వేడినీళ్లలో కాస్త ఎముకల వాసన, చిటికెడు అజినోమోటో, ఉల్లికాడలు, నూడుల్స్. మాంసం ముక్క ఒక్కటీ లేదు. 1964 నుంచి ఉత్తర వియత్నాం మీద అమెరికా పైలట్ లేని నిఘా విమానాలు తిప్పుతూ వచ్చింది. హనోయి జనం తమ గిన్నెకి ఆ పేరే పెట్టారు: పైలట్ లేని ఫో. నెత్తిన బాంబులు పడుతున్నప్పుడు, కడుపు కాలుతున్నప్పుడు పుట్టిన మాట అది. ఇంటినుంచి చద్దన్నం తెచ్చుకుని ఆ సూపులో కలుపుకుని తిన్నవాళ్లున్నారు. చెంచాలు ఎవరూ పట్టుకుపోకుండా వాటికి చిల్లి పెట్టేవారని ఆ తరంవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. చిల్లి చెంచాతో సూపు తాగాలంటే నోటికి చేరేలోపే సగం కారిపోతుంది. అయినా ఆ గిన్నె కోసం వరసలో నిలబడ్డారు. ఆ నగరానికి ఈ తిండి మీద ఉన్న ప్రేమకి ఇంతకన్నా సాక్ష్యం నాకు అక్కర్లేదు.

1986లో ఆర్థిక సంస్కరణలొచ్చాయి, ఆ తర్వాత కూపన్లు పోయాయి, వీధి పొయ్యిలు మళ్లీ వెలిగాయి. ఇక్కణ్ణుంచి కథ ఒక దారిన నడవదు. 1975 తర్వాత పడవల్లో దేశం విడిచినవాళ్లు కాలిఫోర్నియాలో, టెక్సస్‌లో, పారిస్‌లో ఫో వండారు. శాన్ హోసే, హ్యూస్టన్ నగరాల్లో మన తెలుగు కుటుంబాలు కూడా ఆ హోటళ్లకి వెళుతున్నాయి. ఇంకో తీగ మనకి మరీ దగ్గరది. పుదుచ్చేరి నుంచి ఫ్రెంచి కొలువుల్లో సైగాన్ వెళ్లినవాళ్ల ఇళ్లలో బియ్యపు కాగితంలో చుట్టి వేయించే చాయో ఇప్పటికీ పండుగ వంటే. మన యానాం కూడా అప్పట్లో అదే ఫ్రెంచి ఇండియాలోది. సైగాన్ కోడికూరలో కొబ్బరిపాలతో పాటు కర్రీ పొడి పడటం వెనుక ఆ రాకపోకలున్నాయి.

ఇక మన వంటింటి సంగతి. అనాసపువ్వు, దాల్చినచెక్క, లవంగాలు, ధనియాలు, నల్ల యాలకులు బిర్యానీ డబ్బాలో ఉన్నవే. హైదరాబాదు ఇళ్లలో పాయా మరిగించే ఓపికే దీనికీ కావాలి. గొడ్డు ఎముకలు వద్దనుకుంటే కోడితో చేయండి, హనోయిలో కోడి ఫో కూడా పాతదే. ఎముకల్ని ముందు ఐదు నిమిషాలు ఉడికించి, ఆ నీళ్లు పారబోసి, కడిగి, మళ్లీ చల్లని నీళ్లలో వేయాలి. అల్లం, ఉల్లిపాయ పొట్టుతోనే మంట మీద నల్లగా కాల్చి, పైన మాడింది తీసేసి వేయాలి. ఈ పని మానేస్తే అది ఫో కాదు. మంట చిన్నది, బుడగ అప్పుడప్పుడు. కోడికి రెండు గంటలు, గొడ్డు ఎముకలకి ఆరేడు గంటలు. మసాలాలు చివరి గంటలోనే, లేకపోతే చేదెక్కుతాయి. ఫిష్ సాస్ దించేముందు. ఆంచోవీ చేపల్ని ఉప్పులో దాదాపు ఏడాది ఊరబెట్టి తీసిన ఫు క్వాక్ రకం దొరికితే మంచిది.

శాకాహారులకీ దారి ఉంది. వియత్నాం బౌద్ధుల్లో చాలామంది అమావాస్య, పౌర్ణమి చుట్టూ మాంసం ముట్టరు. ఆ రోజుల్లో ముల్లంగి, క్యారెట్, ఎండు పుట్టగొడుగులతో సూపు కాస్తారు, పైన వేయించిన టోఫు ముక్కలు. నూడుల్స్‌ని మాత్రం సూపులో ఉడికించకండి. విడిగా ఉడికించి, నీళ్లు వంచి, గిన్నెలో వేసి, మరుగుతున్న సూపు పైనుంచి పోయండి. నూడుల్స్‌లోని గంజి సూపులో కలిస్తే అన్ని గంటలు కాచి తెచ్చిన తేట పోతుంది.