బ్రిటన్ రాచరికం: వేడుకలు, ప్రజాభిప్రాయం

బ్రిటన్‌లో రాజు చేతిలోంచి పాలనాధికారం జారిపోతున్న కొద్దీ రాజు చుట్టూ జరిగే వేడుకల హంగు పెరిగింది. ఇవాళ టీవీల్లో కనిపించే బంగారు బగ్గీలు, ఎర్రకోట్ల సైనికులు, క్షణం తప్పని ఊరేగింపులు చూసి ఇదంతా వెయ్యేళ్లుగా ఇలాగే నడుస్తోందని అనుకుంటాం. వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో పట్టాభిషేకాలు 1066 నుంచి జరుగుతున్న మాట నిజమే. కానీ వేడుకను జనం కళ్లెదుట, పొరపాటు లేకుండా జరపాలన్న పట్టుదల వయసు నూటయాభై ఏళ్లకు అటూ ఇటూగా ఉంటుంది. జనాభిప్రాయం ఎప్పుడెప్పుడు ఎదురు తిరిగిందో చూస్తే ఆ పట్టుదల ఎక్కడి నుంచి వచ్చిందో తెలుస్తుంది.

నవ్వులపాలైన పట్టాభిషేకాలు

1649 జనవరి 30న ఒకటో చార్లెస్‌కు లండన్ వైట్‌హాల్‌లో జనం చూస్తుండగా శిరచ్ఛేదం చేశారు. పదకొండేళ్లు రాజు లేకుండా గడిపి, 1660లో అతని కొడుకునే పిలిచి గద్దెనెక్కించారు. 1689 హక్కుల చట్టంతో పార్లమెంటుదే పైచేయి అయింది. తర్వాత వచ్చిన జర్మన్ మూలాల రాజుల మీద ప్రజలకు భయభక్తుల కంటే వేళాకోళమే ఎక్కువ. వ్యంగ్య చిత్రకారులకు వాళ్లు చేతినిండా పని కల్పించారు.

1821 జూలై 19న నాలుగో జార్జ్ పట్టాభిషేకానికి దాదాపు 2,40,000 పౌండ్లు ఖర్చయింది. తాను వదిలించుకోవాలని చూస్తున్న భార్య కారొలైన్ లోపలికి రాకుండా ద్వారాలు మూయించాడు. కుస్తీవీరుల్లాంటి బాక్సర్లకు పరిచారకుల వేషాలు వేయించి కాపలా పెట్టాడు. ఆమె ఒక్కో తలుపూ తట్టి, చివరికి వెనుదిరిగింది. 1830లో జార్జ్ చనిపోయినప్పుడు అతని కోసం కంటతడి పెట్టినవాడెవడని 'ది టైమ్స్' పత్రిక నిలదీసింది. తర్వాతి రాజు నాలుగో విలియమ్ అసలు పట్టాభిషేకమే వద్దన్నాడు. నచ్చజెబితే 1831లో చవకగా ముగించుకున్నాడు.

1838 జూన్ 28న విక్టోరియా పట్టాభిషేకం అయిదు గంటలు సాగింది. సరైన రిహార్సల్ లేదు. ఆర్చిబిషప్ ఉంగరాన్ని ఆమెకు సరిపడని వేలికి బలవంతంగా తొడిగాడు. తర్వాత దాన్ని తీయడానికి ఐసునీళ్లలో చెయ్యి ముంచాల్సి వచ్చింది. ఎనభై దాటిన రోల్ ప్రభువు నమస్కరించబోయి మెట్ల మీద దొర్లిపడితే, రాణే లేచి ఆయనకు ఎదురు వెళ్లింది. ఆ రోజు ఆమెకు మంచి పేరు తెచ్చింది ఆ చిన్న పనే.

రాణి కనబడని ఏళ్లు

1861 డిసెంబరు 14న భర్త ఆల్బర్ట్ పోయాక విక్టోరియా ఏళ్ల తరబడి బయటికి రాలేదు. పార్లమెంటు ప్రారంభోత్సవాలకూ ముఖం చాటేసింది. బకింగ్‌హామ్ ప్యాలెస్ గోడకు ఎవరో 'అద్దెకివ్వబడును' తరహా కాగితం అంటించారని చెప్పుకునేవారు. పనిచేయని రాణికి జీతం ఎందుకన్నది అప్పటి ప్రశ్న. 1870లో ఫ్రాన్స్ మళ్లీ గణతంత్రం కావడంతో బ్రిటన్‌లోనూ గణతంత్ర సంఘాలు పుట్టుకొచ్చాయి. నాస్తికవాది చార్లెస్ బ్రాడ్‌లా వాటి ముందు వరుసలో ఉన్నాడు. 1871 నవంబరులో పార్లమెంటు సభ్యుడు సర్ చార్లెస్ డిల్క్ న్యూకాసిల్ సభలో రాచకుటుంబం ఖర్చుల చిట్టా విప్పాడు.

ఈ గాలిని మళ్లించింది వాదన కాదు, టైఫాయిడ్. ఆ నెలలోనే యువరాజు ఎడ్వర్డ్ మంచం పట్టాడు. తండ్రి పోయిన డిసెంబరు 14 నాటికే అతనికి గండం గడిచింది. దేశమంతా ఊపిరి పీల్చుకుంది. ప్రధాని గ్లాడ్‌స్టన్ ఈ అవకాశాన్ని వదల్లేదు. రాణి మొరాయిస్తున్నా ఒప్పించి, 1872 ఫిబ్రవరి 27న సెయింట్ పాల్స్ చర్చిలో కృతజ్ఞతా ప్రార్థన, లండన్ వీధుల్లో ఊరేగింపు ఏర్పాటు చేయించాడు. జనం పోటెత్తారు. గణతంత్ర సంఘాలు ఆ దెబ్బకు మళ్లీ కోలుకోలేదు. వేడుక రాజకీయంగా ఎంత పనికొస్తుందో పాలకులకు తెలిసింది అప్పుడేనని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

1887, 1897 జూబిలీలు అక్కడి నుంచే పుట్టాయి. కొత్తగా కల్పించినవి కూడా పాతవాటిలా చలామణీ అయ్యాయి. 1901 ఫిబ్రవరిలో విక్టోరియా శవపేటికను మోస్తున్న ఫిరంగి బండిని లాగాల్సిన గుర్రాలు విండ్సర్ స్టేషను దగ్గర బెదిరి పట్టెడలు తెంపాయి. అక్కడే ఉన్న నావికులు తాళ్లు పట్టుకుని బండిని లాగారు. అప్పటికప్పుడు దొరికిన ఆ ఉపాయం తర్వాత రాజుల అంత్యక్రియలకు ఆచారమైపోయింది. 2022లో రెండో ఎలిజబెత్ పేటికను లాగింది 142 మంది నావికులు. ఇలాంటి సంగతులను చరిత్రకారుడు డేవిడ్ కానడైన్ 1983లో వెలువడిన ఒక ప్రసిద్ధ వ్యాసంలో ఒక్కచోట చేర్చి చూపించాక, 'అనాది ఆచారం' అనే మాటను చదువుకున్నవాళ్లు కాస్త ఆచితూచి వాడుతున్నారు.

కెమెరా ముందు

1917లో జర్మనీతో యుద్ధం జరుగుతుండగా రాచకుటుంబం తన జర్మన్ ఇంటిపేరు వదిలి విండ్సర్ అయింది. 1932లో అయిదో జార్జ్ క్రిస్మస్ రోజున రేడియోలో మాట్లాడాడు. 1936 డిసెంబరులో ఎనిమిదో ఎడ్వర్డ్ ప్రేమించిన స్త్రీ కోసం గద్దె దిగాడు. మరుసటి ఏడు మే 12న తమ్ముడు ఆరో జార్జ్ పట్టాభిషేకం జరిగినప్పుడు 'మాస్ అబ్జర్వేషన్' అనే కొత్త బృందం ఒక వింత పని చేసింది. ఆ రోజంతా సామాన్యులు ఏం చేశారో, ఏం మాట్లాడుకున్నారో స్వచ్ఛంద పరిశీలకుల చేత రాయించి పుస్తకంగా వేసింది. రాచరికం మీద జనం మాటను జనం నోటే పట్టుకోవాలన్న తొలి గట్టి ప్రయత్నం అది.

1953 జూన్ 2న ఎలిజబెత్ పట్టాభిషేకాన్ని టీవీలో నేరుగా చూపడానికి మొదట పెద్దలు ఒప్పుకోలేదు. పత్రికలు గొడవ చేశాక దిగివచ్చారు. నూనెతో అభిషేకించే ఘట్టం మాత్రం చూపలేదు. సుమారు రెండు కోట్ల మంది టీవీల ముందు, చాలామంది ఇరుగుపొరుగు ఇళ్లలో చేరి చూశారు. ఆ భక్తి ఎంత గాఢమంటే, 1957లో ఆల్ట్రింకమ్ ప్రభువు రాణి ప్రసంగ శైలిని, ఆమె చుట్టూ ఉన్న కోటరీని విమర్శిస్తే వీధిలో ఒకడు ఆయన చెంప పగలగొట్టాడు. ప్యాలెస్ మాత్రం చెవిన పెట్టింది. ధనవంతుల ఆడపిల్లల్ని రాణికి పరిచయం చేసే తతంగం 1958తో ఆగిపోయింది.

1992 నవంబరు 20న విండ్సర్ కోట తగలబడింది. బాగుచేయడానికి ప్రభుత్వం డబ్బిస్తుందనగానే జనం మండిపడ్డారు. రాణి ఆదాయపు పన్ను కట్టడానికి ఒప్పుకుంది. మరుసటి వేసవిలో బకింగ్‌హామ్ ప్యాలెస్ తలుపులు టిక్కెట్టు పెట్టి తెరిచారు, మరమ్మతు ఖర్చు రాబట్టడానికి. 1997 ఆగస్టు 31న రాణి మాజీ కోడలు డయానా చనిపోయినప్పుడు రాణి స్కాట్లండ్‌లో ఉండిపోయింది. ప్యాలెస్ మీద జెండా ఎందుకు దించలేదని జనం, పత్రికలు నిలదీశారు. నిజానికి రాణి లేనప్పుడు ఆ స్తంభం మీద జెండాయే ఉండదు, ఉండే రాజ పతాకాన్ని ఎవరు పోయినా దించరు. ఈ వివరణ ఎవరికీ రుచించలేదు. సెప్టెంబరు 6న, అంత్యక్రియల రోజు, యూనియన్ జెండా సగానికి దిగి ఎగిరింది. అప్పటి నుంచి పాలకులు ఊళ్లో లేనప్పుడు ఆ జెండా ఎగరడమే పద్ధతి.

సర్వేలు, కొత్త లెక్కలు

ఇన్ని ఒడిదుడుకుల్లోనూ ఒక అంకె మొండిగా నిలబడింది. 1990ల నుంచి చాలా ఏళ్లపాటు గణతంత్రం కోరేవాళ్లు ప్రతి అయిదుగురిలో సుమారు ఒక్కరే. డయానా మరణం దాన్ని పెద్దగా పెంచలేదు, జూబిలీలు పెద్దగా తగ్గించలేదు. జారిపోయింది ఆప్యాయత. 'బ్రిటిష్ సోషల్ యాటిట్యూడ్స్' సర్వే 1983లో అడిగినప్పుడు మూడింట రెండు వంతుల మంది రాచరికం 'చాలా ముఖ్యం' అన్నారు. 2023 నాటికి ఆ మాట అన్నవారు మూడో వంతు కూడా లేరు. అరవై అయిదు దాటినవాళ్లలో రాజు ఉండాలనేవారే అత్యధికులు, పాతికేళ్లలోపు వాళ్లలో సగానికి తక్కువ. గణతంత్రవాదుల నినాదాల కన్నా ఈ పట్టనితనమే ప్యాలెస్‌ను కలవరపెట్టాలి.

అయినా 2022 సెప్టెంబరులో ఎలిజబెత్ శవపేటికను చూడటానికి థేమ్స్ ఒడ్డున మైళ్ల కొద్దీ క్యూ కట్టారు. చేతికి పట్టీలు కట్టించుకుని రాత్రంతా నిలబడి వెస్ట్‌మినిస్టర్ హాలు చేరినవారు సుమారు రెండున్నర లక్షల మంది. ఆ అంత్యక్రియలకు, తత్సంబంధ ఏర్పాట్లకు ప్రభుత్వానికి 16.2 కోట్ల పౌండ్లు, 2023 మే 6న మూడో చార్లెస్ పట్టాభిషేకానికి 7.2 కోట్ల పౌండ్లు ఖర్చయ్యాయి. ధరలు మండుతున్న కాలంలో ఆ లెక్క మీద చర్చ నడిచింది. ప్రజలందరూ ఎక్కడివాళ్లక్కడ రాజుకు విధేయత ప్రకటించాలన్న కొత్త పిలుపు విమర్శల పాలై ఆహ్వానంగా మెత్తబడింది. రాచరికం రద్దు కోరే 'రిపబ్లిక్' సంస్థ అధిపతితో సహా పలువురు నిరసనకారులను ఆ ఉదయమే పోలీసులు అరెస్టు చేయడంతో, ఎవరూ పెద్దగా పట్టించుకోని ఆ సంస్థ పేరు లోకమంతా మారుమోగింది.

ఈ పట్టాభిషేకంలో తెలుగువారికి సంబంధించిన సంగతి ఒకటుంది. రాణి కమిలా, ఎవరిదన్న పేచీ నడుస్తున్న కోహినూర్ వజ్రం పొదిగిన కిరీటాన్ని పక్కనబెట్టి, వేరే వజ్రాలున్న క్వీన్ మేరీ కిరీటం ధరించింది. కోహినూర్ కృష్ణా తీరంలోని కొల్లూరు గనుల్లో దొరికిందని ప్రతీతి. గనులున్న చోటు ఇప్పుడు పులిచింతల జలాశయం కింద ఉంది. 1947లో ఎలిజబెత్ పెళ్లికి హైదరాబాదు నిజాం కానుకగా ఇచ్చిన హారం గురించి మాత్రం అంత పేచీ లేదు. అది దోచుకున్నది కాదు మరి.

బ్రిటన్ రాజునే తమ అధినేతగా ఉంచుకున్న ఇతర దేశాల్లో రాచరికం ఉండాలా అన్న ప్రశ్న తేల్చుకునే దాకా వెళ్లింది. 1999 నవంబరు 6న ఆస్ట్రేలియా ప్రజాభిప్రాయ సేకరణలో దాదాపు 55 శాతం మంది గణతంత్ర ప్రతిపాదనను తిరస్కరించారు. 2021 నవంబరు 30న బార్బడోస్ ప్రజల ఓటు అడగకుండానే, పార్లమెంటు తీర్మానంతో రాణిని వదిలేసింది. బ్రిటన్‌లో మాత్రం కన్సర్వేటివ్, లేబర్ పార్టీలు రెండూ దీని జోలికి పోవడం లేదు. పైగా 2025–26కు రాచకుటుంబానికి నిర్ణయించిన వార్షిక గ్రాంటు 13.21 కోట్ల పౌండ్లు, అంతకు ముందటి ఏడాది 8.63 కోట్లు. పెంపులో ఎక్కువ భాగం బకింగ్‌హామ్ ప్యాలెస్ మరమ్మతుకే.