తుపాను వేళ నగర సహాయము – మన కర్తవ్యము

ఈ సంచికయందు విద్యాభివృద్ధిని గూర్చియు, సంఘచరిత్రను గూర్చియు పెద్దలు వ్రాయుదురు. మేము తీరవాసులమగుటచే తుపానుల చరిత్రను, ఆ వేళ నగరములు చేసిన సహాయమును స్మరింపదలచితిమి. ఏలయన, ఆ చరిత్ర మనకు జెప్పు పాఠ మొకటి గలదు.

మన అల్లవరము సీమకు వైనతేయ గోదావరి యొకదెస, బంగాళాఖాతము మరియొకదెస. ఓడలరేవు చెంత నది కడలిని గలియును. బెండమూర్లంకలో 18వ శతాబ్దమున ఇంగ్లీషు కంపెనీవారి వర్తకపు కోఠీ యుండెను. వర్తకమును దెచ్చిన సముద్రమే ఉప్పెనను గూడ దెచ్చినది. 1789లోను, 1839లోను ఉప్పెనలు కోరంగి రేవును ముంచివేసెను; ఆ రేవు మరల పూర్వవైభవమును పొందలేదు. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి బందరులో సుమారు 30,000 మంది జలసమాధియైరి.

1977 నవంబరు 19న దివిసీమపై పడిన ఉప్పెనలో పదివేలకు పైగా జనులు మృతినొందిరి. అపుడు నగరములు కదలినవి. శ్రీ నందమూరి తారక రామారావు, శ్రీ అక్కినేని నాగేశ్వరరావు గార్లు మొదలగు నటులు పట్టణవీధులలో జోలెపట్టి విరాళములు సేకరించిరి. దూరదేశమున నున్నవాని దుఃఖము తమదియే యని నగరవాసులు తలంచుట మన ఆంధ్రదేశమునకు వన్నె దెచ్చిన విషయము.

పిమ్మట మన వంతు వచ్చెను. 1996 నవంబరు 6వ తేదీన, దీపావళికి నాలుగు దినములు ముందు, కాకినాడకు దక్షిణముగా తుపాను తీరము దాటెను. వేయిమందికి పైగా మరణించిరి. వేటకు పోయిన మత్స్యకారులలో పెక్కురు మరలి రాలేదు. తరములనుండి కోనసీమను నీడబట్టి పోషించిన కొబ్బరిచెట్లు లెక్కకు మిక్కిలిగా నేలకొరిగెను. నాటి తూర్పుగోదావరి జిల్లాకు కేంద్రమైన కాకినాడయే గాలిదెబ్బ తినియుండెను. అయినను నగరములనుండి బియ్యము, బట్టలు, మందులు మన సీమకు వచ్చినవి.

వచ్చిన సహాయము ఎచ్చట నిలిచిపోవును? ఇదియే విచారింపవలసిన విషయము. కోనసీమ గోదావరి పాయలనడుమ నున్న లంక. యెదుర్లంక–యానాము వారధి 2002లో గాని సిద్ధము కాలేదు. అంతకుముందు కాకినాడనుండి వచ్చువారు పంటుపై గోదావరి దాటవలెను, లేదా రావులపాలెము మీదుగా చుట్టు తిరిగి రావలెను. లారీ రోడ్డున్నంతవరకే వచ్చును. కూలిన చెట్లు దాటి, మురుగుకాలువ దాటి, ఇసుకదిబ్బ మీది గుడిసెకు లారీ పోజాలదు. ఆ దారి యెరిగినవాడు నగరవాసి కాడు, మనమే.

మరియొక సంగతి. చెట్టు లెక్కను బట్టి పరిహారమిచ్చినచో అది చెట్టుగలవానికే చేరును. దింపు తీయువానికి చెట్టు లేదు. వలుపు కూలికి తోట లేదు. తాటాకు నేసి పొట్టపోసుకొను వితంతువుకు పట్టా లేదు. మరల నాటిన మొక్క కాపునకు వచ్చుటకు ఏండ్లు పట్టును. అంతవరకు వారికి పని యెక్కడిది? తోటలు గల మనము ముందుగా మన చెట్లనే లెక్కించుకొందుము. అది సహజమే గాని, అంతటితో ఆగుట ధర్మము కాదు.

ఇందుకు మార్గదర్శి మన సీమయందే గలదు. లంకల గన్నవరమున శ్రీమతి డొక్కా సీతమ్మ గారు (1841–1909) ఆకలిగొని వచ్చినవానిని కులమడుగక అన్నము పెట్టిరి. ఆమె పేర గన్నవరమున అక్విడక్టు వెలసినది. సంఘములు కులము పేర నేర్పడినను, ఉప్పెన నీటికి కులము తెలియదు, విస్తరికిని తెలియరాదు.

కావున మా విన్నపములు మూడు. వర్షకాలము ముగియకముందే ప్రతి గ్రామమునందలి యువకులు తీరమున నున్న గుడిసెలను, అందలి వృద్ధులను, గర్భిణులను, కూలివాండ్రను పట్టిక వ్రాసి యుంచవలెను. మేడలు గల దాతలు తుపాను హెచ్చరిక వచ్చిననాడే తలుపులు తెరువవలెను. అన్నము తరువాతనైనను రావచ్చును, ఆశ్రయము ముందే యుండవలెను. సంఘనిధిలో కొంత భాగమును పని కోల్పోయిన కూలివారికై, ఏ కులమువారైనను సరే, వేరుగా నుంచవలెను.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమునే అతలాకుతలము చేసెను. ఇచ్చెడి నగరమే ఆ దినమున పుచ్చుకొనవలసివచ్చెను. ఎవరి వంతు ఎప్పుడో ఎవరికి తెలియును? నగరము పంపిన బియ్యపు మూటను రోడ్డునుండి చివరి గుడిసెకు మోయు భుజము మనదిగా నుండుగాక యని కోరుచు విరమించుచున్నాము.